అట్లాంటిస్ మునగలేదన్న మ్యాపుల మనిషి

ఖండాలు కదులుతాయని మొదట చెప్పిందెవరు? మనం స్కూల్లో చదువుకున్న జవాబు ఆల్ఫ్రెడ్ వెజెనర్. ఈ జర్మన్ శాస్త్రవేత్త 1912లో ఆ సిద్ధాంతం ప్రకటించాడు. అయితే 1994లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక చిన్న వ్యాసం, వెజెనర్ కంటే మూడు వందల ఏళ్ల ముందే ఈ మాట అన్న మనిషిని గుర్తుచేసింది. ఆయన పేరు అబ్రహాం ఓర్టీలియస్. మ్యాపులు గీసేవాడు. ఆ మాట ఆయన నోట వచ్చింది అట్లాంటిస్ గురించి చెబుతుండగా. అందుకే ఆ పాత కథ దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

అట్లాంటిస్ కథ మనకు చేరింది ప్లేటో వల్ల. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో ఆయన రాసిన టిమేయస్, క్రిటియాస్ అనే రెండు సంభాషణల్లో ఇది ఉంది. హెర్క్యులస్ స్తంభాలు, అంటే ఇప్పటి జిబ్రాల్టర్, దాటాక సముద్రంలో ఒక మహా ద్వీపం ఉండేదట. క్రీస్తు పూర్వం 6వ శతాబ్దపు ఏథెన్స్ పెద్ద సోలోన్ కాలానికి 9,000 ఏళ్ల ముందు, భూకంపాలూ వరదలూ వచ్చి ఒక్క పగలు, ఒక్క రాత్రిలో మునిగిపోయిందట.

1484లో ఫ్లోరెన్స్ పండితుడు మార్సీలియో ఫిచీనో ప్లేటో రచనలన్నిటినీ లాటిన్‌లో అచ్చు వేయించాడు. యూరప్‌లో చదువుకున్నవాళ్లందరికీ కథ అందింది. మరో ఎనిమిదేళ్లకే కొలంబస్ అట్లాంటిక్ దాటాడు. పడమటి సముద్రం అవతల నిజంగానే పెద్ద నేల కనబడేసరికి, ప్లేటో చెప్పింది దీని గురించేనని చాలామంది నమ్మారు. 1552లో స్పెయిన్ చరిత్రకారుడు గోమారా అలాగే రాశాడు. మెక్సికోవాళ్లు నీళ్లను ‘అట్ల్’ అంటారు కదా, ఇంకేం సాక్ష్యం కావాలన్నది ఆయన వాదన.

నన్ను బాధపెట్టే ఘట్టం ఇక్కడే వస్తుంది. 1572లో పెరూలోని కుస్కోలో, స్పెయిన్ వైస్రాయ్ టోలెడో ఆదేశం మీద సార్మియెంతో అనే నావికుడు, స్పెయిన్‌వాళ్లు రాకముందు అక్కడ ఏలిన ‘ఇంకా’ వంశీయుల చరిత్ర రాశాడు. ఇంకాలు ఆ నేలను బలవంతంగా ఆక్రమించిన నిరంకుశులని చూపించడం దాని ఉద్దేశం. అందులో అట్లాంటిస్‌నూ చేర్చాడు. ఆ ద్వీపం ఒకప్పుడు స్పెయిన్ తీరం పక్కనుంచి పెరూ వైపు దాకా పరుచుకుని ఉండేదన్నాడు. అదే ఏడాది చివరి ఇంకా రాజు తుపాక్ అమారును కుస్కో నడిబొడ్డున తల నరికి చంపారు. ఒక తత్వవేత్త చెప్పిన కథ, పరాయి నేలను స్వాధీనం చేసుకున్నవాళ్ల దస్తావేజుల్లోకి ఎక్కిందన్నమాట.

అందరూ నమ్మేశారనీ కాదు. పెరూలో ఏళ్ల తరబడి తిరిగిన జెసూయిట్ పాదిరి అకోస్తా 1590లో ఇదంతా కట్టుకథేనని తేల్చేశాడు. అమెరికాకు మనుషులు ఎక్కడో నేలలు దగ్గరగా ఉన్న చోటు నుంచి నడిచి వచ్చి ఉంటారని ఊహించాడు. ఆసియా, అమెరికాలు దాదాపు తాకుకునే బేరింగ్ జలసంధి యూరప్ మ్యాపుల్లోకి ఎక్కకముందే ఆ మాట అన్నాడంటే మెచ్చుకోవాల్సిందే.

ఇక ఓర్టీలియస్. 1527లో ఆంట్వెర్ప్‌లో పుట్టాడు. అచ్చయిన మ్యాపులకు రంగులు వేసే పనితో జీవితం మొదలుపెట్టాడు. 1570లో 53 మ్యాపులను ఒకే కొలతలో, ఒకే పుస్తకంగా తెచ్చాడు. మొదటి ఆధునిక అట్లాస్ అని దాన్నే అంటారు. ఎవరి మ్యాపుల ఆధారంగా పనిచేశాడో వాళ్ల పేర్లన్నీ అందులో జాబితాగా ఇచ్చాడు. ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం.

1596లో ఆయన పాత స్థలనామాల నిఘంటువు పెంచిన రూపంలో వచ్చింది. అందులో స్పెయిన్‌లోని కాడిజ్ ప్రాంతాన్ని సూచించే ‘గాదిరికస్’ అనే పదం దగ్గర ఆగి, అట్లాంటిస్ అమెరికాయేనని రాశాడు. అయితే అది మునిగిపోలేదన్నాడు. భూకంపాలూ వరదలూ దాన్ని యూరప్, ఆఫ్రికాల నుంచి చీల్చి పడమరకు నెట్టేశాయన్నాడు. నమ్మకపోతే ప్రపంచ పటం ముందు పెట్టుకుని రెండు వైపుల తీరాలూ జాగ్రత్తగా చూడమన్నాడు. ఇటు తీరం పొడుచుకొచ్చిన చోట అటు తీరం లోపలికి వంగి ఉంటుంది, చీలిన గుర్తు తెలిసిపోతుందన్నాడు.

కొందరు ఈ ఒక్క మాట పట్టుకుని ఆయన్ని ఖండ చలన సిద్ధాంతానికి పితామహుణ్ని చేసేస్తున్నారు. అది సరికాదు. ఆయన చెప్పింది ఒక్కసారిగా జరిగిన ఉత్పాతం. దక్షిణ అట్లాంటిక్ విచ్చుకోవడం మొదలై దాదాపు 13 కోట్ల ఏళ్లు. ఆ కదలిక ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే, ఇప్పటికీ సాగుతూనే ఉంది. అట్లాంటిస్ విషయంలో ఆయన పొరబడ్డాడు. తీరాల విషయంలో ఆయన చూపు మాత్రం తప్పలేదు. ఏళ్ల తరబడి ఆ గీతల మీద వంగి పనిచేసిన చెయ్యి కాబట్టే పోలిక పట్టుకోగలిగిందని నా నమ్మకం.

తీరాల పోలిక ఒక్కటే చాలదని వెజెనర్‌కు తెలుసు. అందుకే రాళ్లనూ శిలాజాలనూ చూపించాడు. వాటిలో ముఖ్యమైనది గ్లోసాప్టెరిస్ అనే మొక్క. దాని ఆకుల అచ్చులు దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాల్లో దొరికాయి. మన సింగరేణి బొగ్గున్న గోదావరి లోయ రాళ్లలోనూ ఉన్నాయి. ఈ ఖండాలన్నీ కలిసున్న ఆ పాత భూభాగానికి భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గోండ్వానా. మధ్య భారతంలోని గోండుల నేల పేరే అది. ఆదిలాబాద్ అడవుల్లో ఆ గోండులు ఇప్పటికీ ఉన్నారు.