కొండ మీద దీపం కన్నా ముందు కొన్ని ఉత్తరాలు

అమెరికాలో 1861లో, అంతర్యుద్ధం మొదలైన ఏడాది, ప్రొటెస్టంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ అయిన ప్రెస్బిటేరియన్లలో, ఉత్తరాది వాళ్లతో దక్షిణాది వాళ్లు తెగతెంపులు చేసుకున్నారు. మళ్లీ కలిసింది 1983లో. ఆ తగవు మూలాలు వెతికితే బానిసత్వాన్ని ఎదిరించిన జాన్ రాంకిన్ అనే చిన్న ఊరి పాస్టరు తగులుతాడు.

రాంకిన్ 1793లో టెన్నెసీలో పుట్టాడు. అక్కడి గుడిలో బానిసత్వం తప్పని ప్రసంగించాడు. మళ్లీ ఆ మాటెత్తేటట్టయితే ఊరూ రాష్ట్రం విడిచిపొమ్మన్నారు సంఘ పెద్దలు. భార్య జీన్‌తో కెంటకీ చేరి, బానిసలకు చదువు చెప్పే బడి పెట్టాడు. అల్లరిమూకలు దాన్నీ సాగనివ్వలేదు. 1822 మొదట్లో ఒహాయో నది దాటి రిప్లీలో స్థిరపడ్డాడు. ఇవతలి గట్టున బానిసత్వం లేదు, అవతలి గట్టున ఉంది.

మరి ప్రెస్బిటేరియన్ సంఘం ఏమంటోంది? 1818లో మహాసభ బానిసత్వాన్ని ఘాటుగా ఖండిస్తూ తీర్మానం చేసింది. బానిసల యజమాని క్రైస్తవుడే కాడన్న జార్జ్ బోర్న్ పాస్టరు పదవి ఊడగొట్టడాన్ని ఖాయం చేసిందీ ఆ సభే! కాగితం మీద ఎంత గట్టిగానైనా మాట్లాడొచ్చు, ఎదురుగా కూర్చున్న యజమానిని మాత్రం ఏమీ అనకూడదన్నమాట.

రాంకిన్ ఎదురుగా ఉన్నవాడితోనే మొదలుపెట్టాడు. వర్జీనియాలో ఉన్న తోడబుట్టినవాడు థామస్ బానిసల్ని కొన్నాడని తెలిసి, 1824 నుంచి ఉత్తరాలు రాశాడు. అవి రిప్లీ పత్రికలో వరసగా వచ్చి, 1826లో పుస్తకమయ్యాయి. యజమానులు బైబిలు నుంచి చూపించే సాకుల్ని ఒక్కొక్కటే పట్టుకుని ఖండించాడు. ఒకచోట తానూ, తన పెళ్లాం పిల్లలూ బానిసలైనట్టు ఊహించుకుని వణికిపోతాడు. బానిసత్వం మీద పోరాడిన పేరున్న పత్రికా సంపాదకుడు విలియం లాయిడ్ గారిసన్ అంతటివాడు ఆయనకు శిష్యుణ్నని చెప్పుకున్నాడు.

జనానికి ఎక్కువ గుర్తున్నది మాత్రం రిప్లీలో కొండ మీది ఆయన ఇల్లు. పారిపోయి నది దాటినవాళ్లకు గురుతుగా రాత్రిళ్లు అక్కడ దీపం పెట్టేవారు. పదముగ్గురు పిల్లలున్న ఆ ఇంట్లో సుమారు 2,000 మంది తలదాచుకున్నారని అంచనా. 1838 చలికాలంలో ఒక తల్లి చంటిబిడ్డతో మంచుగడ్డల మీదుగా నది దాటి వచ్చింది. బానిసత్వం మీద హ్యారియెట్ బీచర్ స్టో రాసిన నవల ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’లో ఎలైజా పాత్రకు ఆమే ఆధారమంటారు. దీపం కథ అందమైనదే, కాదనను. కానీ సంఘాన్ని ఇబ్బంది పెట్టింది దీపం కాదు, ఆ రాతలూ ప్రసంగాలూ.

1837లో సంఘం ఒకసారి చీలింది. సిద్ధాంతాల తగాదాతో పాటు బానిసత్వం తగాదా కూడా అందులో ఉంది. రాంకిన్ చేరిన కొత్త వర్గంలోనూ యజమానులు మిగిలే ఉన్నారు. విసిగిపోయి 1847లో ఆయనా, మరికొందరూ వాళ్లకు చోటులేని ఫ్రీ ప్రెస్బిటేరియన్ సంఘం పెట్టుకున్నారు. అది చిన్నదిగానే ఉండిపోయింది.

యుద్ధంలో ఆయన కొడుకులు ఉత్తరాది సైన్యంలో పోరాడారు. రాంకిన్ 1886లో కన్నుమూశాడు. అప్పటికీ సంఘాలు కలవలేదు. థామస్ మాత్రం 1827లోనే ఒహాయోకు వచ్చి తన బానిసల్ని విడిచిపెట్టాడు.