తొమ్మిది మీటర్లు ఎక్కడి నుంచి?

కాలనీ ప్రహరీ నాలాలోకి జరిగిందని ఫిర్యాదు అందిన ప్రతిసారీ గొడవ ఒక్కచోటే తెగదు: టేపు ఎక్కడ పెట్టి కొలవాలి? చెరువుకు, నాలాకు ఎంత దూరం వదిలి కట్టాలో హైదరాబాద్‌లో కొలతల్లేని కాలం పోయి 12 ఏళ్లు దాటినా ఈ ప్రశ్న మాత్రం పోలేదు.

ఇక్కడి చెరువులు గొలుసుకట్టు. పై చెరువు నిండితే మత్తడి (అదనపు నీళ్లు పొర్లిపోయే రాతికట్టు) దూకి, ఆ నీళ్లు వాగై కింది చెరువులో పడేవి. మత్తడి ఎత్తుకు నీళ్లు నిలిస్తే ఎంత మేర మునుగుతుందో అదే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్). నీళ్లు వెనక్కి తగ్గాక తేలే శిఖం భూమిలో పైరు వేసుకునేవారు, కొన్నిచోట్ల దానికి పట్టాలూ ఉన్నాయి. సాగుకిచ్చిన ఆ పట్టాలే తర్వాత ప్లాట్ల కాగితాలకు ఆధారమయ్యాయి. ఏటా కొన్ని నెలలు మునగడం పొలానికి లెక్కలోది. ఇంటికి ఒక్క రాత్రి చాలు.

మెరక మీద పడ్డ వాన పల్లానికి పారుతుంటే పల్లపు ఆసామి అడ్డుకోకూడదన్న సూత్రం 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్‌లోనే ఉంది. కానీ అది ఇద్దరు భూయజమానుల మధ్య తగవు, సివిల్ కోర్టులో తేలాలి. అప్పటికి గోడ లేచిపోతుంది. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చి నది ఉధృతిని ఆపాయి, కాలనీ నాలాలు వాటి పరిధిలోవి కావు. నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో కూడా ఆ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల కోసమే. 2000 ఆగస్టు వానలకు నగరంలో కాలనీలకు కాలనీలే మునిగాయి, 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది.

ఇంటి అనుమతికి ముడిపెట్టి మీటర్లలో చెప్పింది మాత్రం 2012 ఏప్రిల్ నాటి 168 జీవో. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే హద్దు నుంచి 9 మీటర్లు వదలాలి, 10 లోపైతే 2 చాలు.

కిటుకంతా ఈ చివరి వాక్యంలోనే ఉంది. 11 మీటర్ల నాలాలో మట్టి పోసి 9 మీటర్లకు కుదించారనుకోండి. ఇప్పుడున్న వెడల్పునే కొలిస్తే పోయింది 2 మీటర్లు కాదు, రెండు గట్ల మీదా 7 మీటర్ల చొప్పున బఫర్ (కట్టకుండా వదలాల్సిన జాగా) కూడా. అందుకే కొలత గ్రామ నక్ష (రెవెన్యూ పటం)లోని హద్దు నుంచి మొదలవ్వాలి. చెరువు దగ్గర ఈ కుదింపు పని మత్తడి చేత చేయిస్తారు: దాని ఎత్తు ఒక అడుగు కొట్టేస్తే చాలు, వాలు తక్కువున్న వైపు గజాలకు గజాలు ఆరి ‘ఎఫ్‌టీఎల్ బయటి భూమి’ అవుతుంది. సర్వేయర్ లెవెల్ పెట్టాల్సింది పాత మత్తడి రాతికట్టు మీద, పగలగొట్టిన గండి మీద కాదు.

హద్దు సరిగానే ఉన్నా నాలాను పైపులో దూర్చి పైన రోడ్డు వేస్తే చివరికి మునకే. పదెకరాల కాలనీలో గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడి, సిమెంటు దేన్నీ ఇంకనివ్వకపోతే సెకనుకు దాదాపు 560 లీటర్లు పారాలి. 200 మీటర్లకు మీటరు వాలుతో వేసిన 600 మిల్లీమీటర్ల సిమెంటు పైపు నిండుగా పారినా 430 దాటదు. పై కాలనీల నీళ్లు ఇందులో కలపనేలేదు. ఇక ప్రహరీ కింద నీళ్లు పోయే కంతకు బిగించే ఇనప జాలీ ఉందే, దానికి ప్లాస్టిక్ సంచులు అడ్డుపడితే గోడే కట్టగా మారుతుంది.

2024 జులైలో చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక కూల్చివేతలు వార్తలయ్యాయి. అయితే కొత్తగా కొలతలేమీ రాలేదు, అవే 30, 9, 2. ప్లాటు కొనేవాళ్లు లేఅవుట్ అనుమతి ఒక్కటే చూసి ఊరుకోకుండా, సర్వే నంబరును గ్రామ నక్షలో నాలా గీతల పక్కన పెట్టి చూడాలి. ఆ చెరువు ఎఫ్‌టీఎల్‌కు తుది నోటిఫికేషన్ వచ్చిందా, ఇంకా ప్రాథమికమేనా అన్నదీ అడగాలి. ప్రాథమిక దశలో ఉంటే అభ్యంతరాల తర్వాత గీత అటో ఇటో జరగొచ్చు.