కలుజు పూడితే నీరు ఎటు పోతుంది?

కావలి నుంచి ఒక పాఠకురాలు ఒక ప్రశ్న పంపారు. రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగిన రెండేళ్లకు వారి పెద్దమ్మగారికి కుట్టు మచ్చ పక్కన జొన్నగింజలంత గట్టి బొడిపెలు నొప్పి లేకుండా లేచాయట. లోపలి జబ్బు చర్మం మీదికి వస్తుందా అని అడిగారు. వస్తుంది. స్త్రీలలో చర్మానికి పాకే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరుదే మొదటి స్థానం. అది ఎక్కువగా కనిపించేది ఛాతీ మీదే.

దగ్గర కనుక పాకిందని సరిపెట్టుకుంటే అసలు విశేషం చేజారుతుంది. కణజాలంలో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే శోషరస నాళాలలో, మొదటి సన్నని పాయల గోడకణాలు పెంకుటింటి కప్పులా ఒకదాని అంచుపై ఒకటి కప్పి ఉండి, బయట ఒత్తిడి పెరిగినప్పుడు లోపలికి తెరుచుకుంటాయి. రక్తనాళానికి ఉన్నంత గట్టి ఆధారపొర వీటికి లేదు కాబట్టి గడ్డ నుంచి విడివడిన కణం సులువుగా దూరుతుంది. రొమ్ములోని శోషరసంలో అధికభాగం చంకలోని శోషరస గ్రంథులకు చేరుతుంది. అక్కడ క్యాన్సరు కణాలు పేరుకుంటే, మిగులు నీరు బయటికి పోయే కలుజు పూడిన చెరువులో నీరు వెనక్కు ఎగదన్ని ఎన్నడూ తడవని మెరకలకు ఎక్కినట్లు, శోషరసం చర్మంలోని పాయలలోకి ఎదురెక్కి, మోసుకొచ్చిన కణాలను అక్కడ దించుతుంది. ఆ పాయలూ మూసుకుపోతే చర్మం ఉబ్బుతుంది, కానీ సమంగా ఉబ్బదు. పరుపులో దూది ఎంత కూరినా కుట్టు పడిన చోట గుంట మిగిలినట్లే, వెంట్రుకల కుదుళ్లు పట్టి ఉంచిన చోట చర్మం పైకి లేవలేదు. వైద్యులు దీనిని నారింజ తొక్కతో పోలుస్తారు. గూడూరు నిమ్మకాయను కంటి దగ్గర పెట్టుకుని చూసినా ఆ గుంటలే కనిపిస్తాయి.

తల మీది చర్మానికి మాత్రం ఈ కణాలు సాధారణంగా రక్తం ద్వారా చేరుతాయి. అయితే రక్తం తీసుకుపోయిన ప్రతిచోటా అవి మొలవవు. 1889లో ఆంగ్లేయ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సరుతో మరణించిన 735 మంది శవపరీక్షల వివరాలు పరిశీలించి, విత్తనానికి తగిన నేల కావాలన్నాడు. విత్తనం క్యాన్సరు కణం, నేల అది చేరిన అవయవం.

అరుదుగా ఈ బొడిపెలు నరం దారి వెంట బారులు తీరి అక్కిలా కనిపిస్తాయి. అక్కికి కుమ్మరి చేత ఎర్రమన్ను పూయించే అలవాటు పల్లెల్లో ఉంది. అసలైన అక్కి కొన్ని వారాలలో దానంతటదే మానుతుంది కనుక పేరు మన్నుకు దక్కుతుంది. ఇది అలా మానదు.

కాబట్టి పెద్దమ్మగారి బొడిపెలను చూపుతో తేల్చలేము. తిమ్మిరి మందు ఇచ్చి 3, 4 మిల్లీమీటర్ల ముక్క తీసి పరీక్షిస్తారు. క్యాన్సరే అని తేలితే కణానికి పెరగమనే సంకేతాలను అందుకునే ప్రోటీన్లను, అంటే హార్మోను గ్రాహకాలను, హెర్‌2ను మళ్లీ చూడవలసి ఉంటుంది. చర్మానికి చేరిన కణాలలో అవి మొదటి గడ్డలో ఉన్నట్లే ఉండాలన్న నియమం లేదు, పాత రిపోర్టును బట్టి ఎంచుకున్న మందు వీటిపై పనిచేయకపోవచ్చు.