మంత్రదండం చేతబట్టే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మంత్రదండంతో హస్తలాఘవం, అంటే చేతి నేర్పుతో చేసే ఇంద్రజాలం, నేర్చుకోవడానికి వచ్చేవారు మొదటి రోజే అడిగే ప్రశ్న దాదాపుగా ఒక్కటే ఉంటుంది: దాన్ని వేళ్ల మధ్య గిరగిరా తిప్పడం ఎప్పుడు నేర్పుతారు అని. ఆ ఉత్సాహాన్ని నేనెన్నడూ చిన్నచూపు చూడలేదు, ఎందుకంటే నన్ను కూడా ఈ విద్య వైపు లాగింది ఆ తిప్పడమే. అయితే దండం అసలు చేతిలో ఎందుకుండాలో తెలియకుండా తిప్పడం మాత్రమే నేర్చుకున్నవారు, ఆ అలవాటును సరిదిద్దుకోవడానికి అంతకు రెట్టింపు కాలం వెచ్చించవలసి రావడం చాలాసార్లు చూశాను. ప్రదర్శించేటప్పుడూ నేర్పేటప్పుడూ నాకు పదేపదే ఎదురయ్యే అపోహలు కొన్నింటిని ఇక్కడ విప్పి చెబుతున్నాను.

అపోహ: దండం కేవలం అలంకారం, అది లేకపోయినా ఇంద్రజాలం సాగుతుంది.

ఈ ఒక్క అపోహ తొలగితే మిగిలినవాటిలో సగం వాటంతటవే తొలగిపోతాయి కనుక దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. చిన్న బంతులు మాయమై బోర్లించిన కప్పుల కింద కనిపించే కప్పులూ బంతుల ఆటనే తీసుకోండి. కుడిచేతిలోని చిన్న బంతిని ఎడమచేతిలో పెట్టినట్టు చూపి, నిజానికి దాన్ని కుడిచేతి వేళ్ల మడతలోనే నిలుపుకున్నారనుకుందాం. ఇప్పుడా కుడిచెయ్యి ఏం చేయాలి? తెరిస్తే బంతి పడిపోతుంది. ముడిచి ఉంచితే, ఖాళీ అని చెబుతున్న చెయ్యి అంత బిగుసుకుని ఎందుకుందని ఎదుటివారికి అనుమానం వస్తుంది. అదే చేతిలో దండం ఉంటే ఆ చిక్కు తీరిపోతుంది, ఎందుకంటే కర్ర పట్టుకున్న ఎవరి వేళ్లయినా సహజంగా అలాగే ముడుచుకుని ఉంటాయి. ఆ మడత వెనుక బంతి ఉందో లేదో చూసేవారికి తెలియదు. అంతకంటే ముఖ్యంగా, తెలుసుకోవాలన్న ఆలోచనే రాదు.

ఇంకొక మేలు కూడా ఉంది. దండాన్ని ముందుగానే ఎడమ చంకలో ఇరికించుకుని ఉంటే, బంతిని ఎడమచేతికి ఇచ్చినట్టు చూపిన మరుక్షణం కుడిచెయ్యి దండం కోసం పైకి వెళ్లవలసి ఉంటుంది. అంటే ఆ చెయ్యి అక్కడినుంచి తప్పుకోవడానికి అందరికీ కనిపించే కారణం ఒకటి దొరికింది. దండం జేబులో ఉన్నా సూత్రం ఇదే: దాన్ని తీయడానికి జేబులోకి వెళ్లిన చెయ్యి అక్కడ ఏదైనా వదిలి రావచ్చు, ఏదైనా తెచ్చుకోనూవచ్చు. రహస్యంగా చేయవలసిన ప్రతి పనికీ పైకి కనిపించే ఒక కారణాన్ని సమకూర్చడమే మంత్రదండం చేసే అసలు పని అని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే నేను మొదట చేయించే అభ్యాసంలో రహస్యమేమీ ఉండదు. బంతిని నిజంగానే ఎడమచేతిలో పెట్టి, చంకలోంచి దండం తీసి, ఎడమ పిడికిలిని తట్టి, తెరిచి చూపమంటాను. ఇరవై సార్లు నిజంగా చేశాక, ఇరవై ఒకటోసారి మాత్రం పెట్టినట్టు నటించమంటాను. నిజంగా పెట్టినప్పుడు బొటనవేలు ఎప్పుడు విడిపోయింది, ఎడమచేతి వేళ్లు ఏ క్రమంలో మూసుకున్నాయి, భుజం ఎంత వాలింది అన్నవి అప్పటికి శరీరానికి గుర్తుండిపోయి ఉంటాయి. నటన వాటిని అనుసరిస్తే చాలు. 1894లో కెనడాలో పుట్టి 1992 వరకు జీవించిన ఐంద్రజాలికుడు డై వెర్నన్ తన దగ్గరకు వచ్చినవారికి జీవితాంతం నొక్కి చెప్పింది ఈ సహజత్వం గురించే.

అపోహ: కంటికన్నా చెయ్యి వేగమైనది, కనుక వేగం పెంచుకోవడమే సాధన.

ఈ మాట వినడానికి బాగుంటుంది కానీ నేర్చుకునేవారికి చేసే హాని అంతా ఇంతా కాదు. రహస్యమైన కదలికను వేగంగా చేసినప్పుడు అది మిగిలిన కదలికల్లో కలిసిపోక విడిగా పొడుచుకు వస్తుంది, అక్కడేదో జరిగిందని కన్ను వెంటనే పసిగడుతుంది. హస్తలాఘవంలోని ప్రతి కదలికకూ దాని ముందూ వెనుకా ఉన్న కదలికల వేగమే ఉండాలి. రహస్యాన్ని కప్పేది వేగం కాదు, చూపు.

దీనికి మంచి ఆధారం ఉంది. ఒక బంతిని రెండుసార్లు పైకి ఎగరేసి పట్టుకుని, మూడోసారి చేతిలోనే దాచుకుని ఎగరేసినట్టు నటిస్తే, చాలామంది ఆ బంతి పైకి వెళ్లి గాలిలో మాయమైందని చెబుతారు. గుస్తావ్ కూన్, మైఖేల్ లాండ్ 2006లో ప్రచురించిన పరిశోధనలో, ఐంద్రజాలికుడు లేని బంతి వెంట తన చూపును కూడా పైకి పోనిచ్చినప్పుడు ప్రేక్షకుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆ భ్రమకు లోనయ్యారు. అతడు బంతి దాగిన తన చేతినే చూసినప్పుడు ఆ సంఖ్య సుమారు మూడో వంతుకు పడిపోయింది. మారింది చూపు మాత్రమే.

దండం పట్టేవారికి ఇందులో నేరుగా పనికొచ్చే పాఠం ఉంది. పిడికిలిని తట్టేటప్పుడు దండాన్ని పట్టుకున్న చేతివైపు మీ చూపు ఒక్క క్షణం జారినా బంతి ఎక్కడుందో మీరే చెప్పేసినట్టు అవుతుంది. తట్టబోయే పిడికిలినే చూడండి, బంతి అక్కడే ఉందని మనసులో నమ్మి చూడండి. నల్లని దండానికి రెండు కొనలా తెల్లని పట్టీలు ఉండడం కూడా మనకు కలిసివస్తుంది, ఎందుకంటే ముదురు రంగు దుస్తుల ముందు ఆ తెల్లని కొన కదిలితే దూరాన ఉన్నవారి కన్ను కూడా దాని వెంటే వెళుతుంది.

అపోహ: ఎన్ని విన్యాసాలు వస్తే అంత గొప్ప ఐంద్రజాలికుడు.

విన్యాసమూ హస్తలాఘవమూ ఒకే చేతితో చేసేవే అయినా వాటి స్వభావాలు ఎదురెదురుగా ఉంటాయి. నా వేళ్లు ఎంత నేర్పరివో చూడండి అని విన్యాసం చాటి చెబుతుంది. నా వేళ్లు ఏమీ చేయలేదని హస్తలాఘవం నమ్మించాలి. మొదటి నిమిషంలోనే దండాన్ని అయిదు రకాలుగా తిప్పి చూపిన వ్యక్తి ఆ తర్వాత బంతిని మాయం చేస్తే, ప్రేక్షకులు అద్భుతాన్ని చూడరు. ఆ వేళ్లకు అది సాధ్యమేనని సరిపెట్టుకుంటారు.

అలాగని విన్యాసాలు వద్దని నేను అనను. కానీ ఎక్కడ ఉంచాలన్నది తెలియాలి, ఆ సంగతి నాకు ఒక చిన్నపిల్ల నేర్పింది. ప్రదర్శనలు మొదలుపెట్టిన తొలిరోజుల్లో, దండాన్ని మధ్యలో పట్టుకుని వేళ్లతో ఒక చుట్టు తిప్పి పిడికిలిని తట్టడం నాకు ఎంతో ఇష్టమైన కదలికగా ఉండేది, ఆ చుట్టు తిరుగుతున్నప్పుడే బంతిని వేళ్ల మడతలో సర్దుకునేవాణ్ని. మూడోసారి బంతి మాయమవగానే, ముందు వరుసలో కూర్చున్న ఏడెనిమిదేళ్ల పాప స్పష్టంగా, "కర్ర తిప్పినప్పుడే బంతి పోతోంది" అంది. ఆ పాప చెప్పింది అక్షరాలా నిజం. రహస్యం ఉన్నప్పుడు మాత్రమే దండం తిప్పుతున్నానని అంతవరకు నేను గమనించుకోలేదు.

ఆనాటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ప్రదర్శన మొదట్లో చేతులు నిజంగా ఖాళీగా ఉన్నప్పుడే దండాన్ని రెండు మూడుసార్లు తిప్పుతాను; కప్పులను చూపిస్తూ ఒకసారి, మాట్లాడుతూ ఆలోచించినట్టు ఆగి ఒకసారి. అది నా అలవాటని ప్రేక్షకులు అప్పటికే ఒప్పుకుని ఉంటారు కాబట్టి అవసరమైన చోట అదే చుట్టును వారు పట్టించుకోరు. ఒక్క విన్యాసాన్ని ఇలా పొదిగి వాడితే పది విన్యాసాలు చేయలేని పని చేస్తుంది.

అపోహ: పొడవైన, సన్నని వేళ్లు ఉన్నవారికే ఇది వస్తుంది.

ఇది నిజం కాదు. దండాన్ని వేళ్ల వెనుకభాగం మీదుగా ఒక వేలినుంచి మరో వేలికి దొర్లించే విన్యాసంలో చాలామంది ఒకే చోట తడబడతారు: ఉంగరపు వేలినుంచి చిటికెన వేలికి వెళ్లేటప్పుడు. దానికి కారణం వేళ్ల పొడవు కాదు. వేళ్లను పైకెత్తే స్నాయువులు చేతి వెనుకభాగంలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉండడం వల్ల ఉంగరపు వేలు విడిగా పైకి లేవలేదు. అందరి చేతిలోనూ ఉండే పరిమితి అది. వేలిని బలవంతంగా ఎత్తే ప్రయత్నం మాని, మణికట్టును చిటికెన వేలి వైపు కొద్దిగా వాల్చండి. బరువుకు దండమే అటు దొర్లుతుంది, వేలు చేయవలసింది దానికి దారి ఇవ్వడం మాత్రమే. నొప్పి వచ్చేదాకా సాధన చేయడం వల్ల ప్రయోజనం లేదు. రోజుకు పది నిమిషాలు చొప్పున నెల రోజులు చేసినవారు, వారానికొకసారి రెండు గంటలు కూర్చున్నవారికంటే ముందుంటారు.

అపోహ: తేలికైన పొట్టి దండంతో మొదలుపెట్టడం సులువు.

అనుభవం ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. పెన్సిల్‌ను వేలికొన మీద నిలబెట్టడం కన్నా పొడవాటి కర్రను నిలబెట్టడం తేలికని అందరికీ తెలుసు. పొడవూ బరువూ ఉన్న కర్ర నెమ్మదిగా తిరుగుతుంది కనుక దాన్ని అందుకోవడానికి వేలికి సమయం ఉంటుంది. ముప్పై నుంచి ముప్పై అయిదు సెంటీమీటర్ల పొడవున్న గుండ్రని చెక్క కర్ర, ఒక సెంటీమీటరుకు కాస్త పైబడిన మందంతో, తొలి సాధనకు చక్కగా సరిపోతుంది. నున్నగా మెరిసే లోహపు దండాన్ని చెమట పట్టిన వేళ్లు నిలపలేవు. దాన్ని తర్వాత చూసుకోవచ్చు.

దండం రబ్బరులా వంగినట్టు కనిపించే చిన్న విద్యకు కూడా ప్రత్యేకమైన దండం కావాలని కొందరు అనుకుంటారు. అవసరం లేదు. ఒక కొనకు దగ్గరగా వదులుగా పట్టుకుని, చేతిని మెల్లగా పైకీ కిందికీ ఊపుతూ దండాన్ని వేళ్ల మధ్య ఊగనిస్తే చాలు, కన్నే దాన్ని వంచి చూపిస్తుంది.

అపోహ: అద్దం ముందు సాధన చేస్తే చాలు.

అద్దం ఉపయోగపడుతుంది, కొద్దికాలమే. అది ఒక్క కోణాన్నే చూపిస్తుంది. పక్కన కూర్చున్నవారికి మీ అరచెయ్యి ఎలా కనిపిస్తోందో అది చెప్పదు. రహస్యమైన కదలిక చేసే క్షణంలో తెలియకుండానే కళ్లు మూసుకునే అలవాటు చాలామందిలో ఉంటుంది. అప్పుడు అద్దంలో చూడవలసింది చూడనే చూడరు, అంతా బాగానే ఉందని తృప్తి పడతారు. ఫోన్‌ను ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు, ఒకసారి కూర్చున్నవారి కంటి ఎత్తున పెట్టి వీడియో తీసుకుని మరునాడు చూడండి. ముందు శబ్దం లేకుండా చూస్తే చేతుల తప్పులు కనిపిస్తాయి, ఆ తర్వాత చేతులను వదిలి మీ కళ్లను మాత్రమే గమనించండి.

అపోహ: దండం కాలం చెల్లిన వస్తువు.

ప్రఖ్యాత ఐంద్రజాలికుడు హూడినీ 1926 అక్టోబరు 31న మరణించినప్పుడు ఆయన అంత్యక్రియల్లో అమెరికా ఐంద్రజాలికుల సంఘమైన సొసైటీ ఆఫ్ అమెరికన్ మెజీషియన్స్ సభ్యులు ఒక మంత్రదండాన్ని విరిచారు. మరణించిన ఐంద్రజాలికుడి కోసం దండాన్ని విరిచే ఆనవాయితీ అక్కడినుంచి నేటికీ కొనసాగుతోంది. పట్టుకునే చెయ్యి లేనప్పుడు అది వట్టి కర్రే అన్న భావన అందులో ఉంది, అది నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. ఆ గౌరవం అలా ఉంచినా, చేతికి కారణం అవసరమైనన్నాళ్లు దండం అవసరమూ ఉంటుంది.

అపోహ: ప్రదర్శనలో దండం జారిపడితే అంతా పోయినట్టే.

జారిపడడం మామూలే, ప్రేక్షకులు దాన్ని క్షణంలో మరచిపోతారు. ఆటను పాడుచేసేది పడిన దండం కాదు, దాన్ని అందుకోవాలనే కంగారు. చెయ్యి దానికదే తెరుచుకుని గాలిలో దండాన్ని పట్టుకోబోతుంది, దాగి ఉన్న బంతి కూడా దాంతోపాటే నేలమీద పడుతుంది. అందువల్ల పడనివ్వడాన్ని కూడా సాధన చేయాలి. కుడిచేతి వేళ్ల మడతలో బంతి ఉంచుకుని, కావాలనే దండాన్ని జారవిడిచి, ఆ చేతిని కదల్చకుండా అది నేలను తాకే చప్పుడు వినండి. తర్వాత తీరికగా వంగి, ఎడమచేత్తో దండాన్ని తీసి, బంతి ఉన్న కుడిచేతిలోకి అందించండి.