మానిటర్ వివరాలు టెర్మినల్‌లో చూడటం: అపోహలు - వాస్తవాలు

అపోహ: లైనక్స్ టెర్మినల్‌లో ఎక్స్‌రాండర్ అనే కమాండ్ కొట్టగానే పైన కనిపించేదే మానిటర్ రిజల్యూషన్.

కాదు. పై వరుసలో ‘కరెంట్’ పక్కన ఉండేది డెస్క్‌టాప్ మొత్తం సైజు. 1920×1080 మానిటర్లు రెండు పక్కపక్కన పెడితే అక్కడ 3840×1080 అని వస్తుంది. చూడాల్సింది కింది జాబితా. స్టార్ గుర్తు ఉన్నది ఇప్పుడు నడుస్తున్న మోడ్ (అంటే రిజల్యూషన్, సెకనుకు ఎన్నిసార్లు తెర మారుతుందన్న అంకె), ప్లస్ గుర్తు ఉన్నది మానిటర్ తనకు సరిపోతుందని చెప్పుకునే మోడ్. రెండూ ఒకే చోట లేకపోతే అక్షరాలు మసగ్గా కనిపించడానికి చాలాసార్లు అదే కారణం. తెర మీద బొమ్మలు చూపించే కొత్త పద్ధతి వేలాండ్ మీద మీ లైనక్స్ ఉంటే మాత్రం ఎక్స్‌రాండర్‌ని నమ్మకండి, స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మలు పెద్దవి చేయడం) పెట్టి ఉంటే వేరే అంకెలు చూపించే అవకాశం ఉంది.

అపోహ: ఈ వివరాలన్నీ గ్రాఫిక్స్ కార్డు కనిపెడుతుంది.

మానిటర్ తన గురించి తానే చెప్పుకుంటుంది, దాన్నే ఈడీఐడీ అంటాం. మొదటి బ్లాక్ 128 బైట్లు, అంతే. లైనక్స్‌లో ఇది సిస్ అనే ఫోల్డర్ కింద క్లాస్, అందులో డీఆర్ఎమ్, అందులో మీ పోర్టు పేరున్న ఫోల్డర్‌లో ఈడీఐడీ అనే ఫైల్‌గా దొరుకుతుంది, రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ కొడితే సైజు 0 అని చూపిస్తుంది, ఖాళీ అనుకుని వదిలేయకండి, దాన్ని చదివి చెప్పే ఈడీఐడీ-డీకోడ్ అనే ప్రోగ్రామ్‌కి ఇచ్చి చూడండి, కంపెనీ కోడ్, మోడ్‌లు, తయారైన సంవత్సరం అన్నీ బయటికొస్తాయి. ఆ సంవత్సరం ఒకే ఒక్క బైటు, దానికి 1990 కలపాలి, అంటే అక్కడ 32 ఉంటే 2022. సెకండ్‌హ్యాండ్ మానిటర్ కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందు లాప్‌టాప్‌కి తగిలించి ఇదొక్కటైనా చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అపోహ: జాబితాలో 4కే 60 హెర్ట్జ్ లేదంటే మానిటర్‌కి ఆ సత్తా లేనట్టే.

దుకాణానికి పట్టుకెళ్లే ముందు కేబులూ పోర్టూ చూడండి. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు అయితే 4కే దగ్గర మామూలుగా 30 హెర్ట్జ్‌తోనే ఆగిపోతుంది. కొన్ని మానిటర్లలో హెచ్‌డీఎంఐ 2.0ని వాటి సొంత మెనూలోకి వెళ్లి ఆన్ చేయాలి, అప్పటిదాకా కంప్యూటర్‌కి తక్కువ మోడ్‌లే చెబుతాయి. మధ్యలో కేవీఎం స్విచ్చో (ఒకే మానిటర్, కీబోర్డును రెండు మూడు కంప్యూటర్లకు వాడుకునే పెట్టె) చవక కన్వర్టరో ఉంటే ఈడీఐడీ అసలు దాటి రాకపోవచ్చు కూడా.

అపోహ: ఈ వివరాల్లో మిల్లీమీటర్లలో వచ్చే తెర సైజు కచ్చితం.

మానిటర్లలో చాలావరకు నిజమే. 527×296 అని వస్తే మూల నుంచి మూలకు 604 మిల్లీమీటర్లు, అంటే 23.8 అంగుళాలు, సరిగ్గా సరిపోయింది. టీవీలు, ప్రొజెక్టర్ల సంగతి వేరు, కొన్ని సైజుకి బదులు 16:9 నిష్పత్తిని ఇచ్చేస్తాయి, లేదా సున్నా పెడతాయి.

అపోహ: విండోస్‌లో ఇదేం కుదరదు.

కుదురుతుంది. విండోస్ టెర్మినల్ అయిన పవర్‌షెల్‌లో రూట్ కింది డబ్ల్యూఎంఐ నేమ్‌స్పేస్‌లో డబ్ల్యూఎంఐ-మానిటర్-ఐడీ క్లాస్ అడగండి. మోడల్ పేరు అంకెల వరుసగా వస్తుంది, కంగారు పడకండి, అవి అక్షరాల కోడ్‌లే.

ఇక ప్యానెల్ రకం ఐపీఎస్సా వీఏనా, రెస్పాన్స్ టైమ్ ఎంత అనేవి ఆ 128 బైట్లలో ఉండవు. మోడల్ నంబర్ పట్టుకుని కంపెనీ స్పెక్ షీట్ తెరవాల్సిందే.