మోటారు పిన్నుకు తాళం ఎందుకు లేదు

నల్లగొండ జిల్లాలో మా బత్తాయి తోటకు బోరే దిక్కు. మోటారు స్టార్టరుకూ డ్రిప్పు వాల్వులకూ కలిపి ఒకే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు పెట్టాం. దాని పిన్నులకు తీగలు కలిపితే, ప్రోగ్రాము పిన్ను నంబరు చెప్పి మోటారునో వాల్వునో ఆడిస్తుంది. మోటారు ప్రోగ్రాము నాది, వాల్వులవి మా అన్న కొడుకు రాశాడు. ఒకనాడు వాడు పిన్ను నంబరు 11 అని రాశాడు, ప్రోగ్రాము దాన్ని బోర్డు వరుస లెక్కలో తీసుకుంది. చిప్పు లెక్కలో 11 వాల్వుది. బోర్డు మీద వరుస లెక్కలో 11 అంటే చిప్పు లెక్కలో 17, అది మోటారుది. అడుగంటిన బోరులో మోటారు వట్టిగా తిరిగింది. పిల్లవాణ్ణి అనడానికేం లేదు. ఆ పిన్ను వాడి చేతికి అందకుండా ఆపేదే లేదక్కడ.

2012లో ఈ బోర్డు వచ్చినప్పుడు పిన్నులను వేగంగా ఆడించాలంటే డెవ్ మెమ్ అనే ఫైలే దారి. అది మెమరీ మొత్తానికి తలుపు, అందుకే రూట్‌కు, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతాకు తప్ప తెరుచుకోదు. చిన్న ఎల్‌ఈడీ వెలిగించడానికీ సుడో కొట్టి రూట్ అధికారం తీసుకోవడం అందరికీ అలవాటైపోయింది. రెండో దారి సిస్‌ఎఫ్‌ఎస్, పిన్నులను ఫైళ్లుగా చూపించే పద్ధతి. నెమ్మది, వాడకం చిరాకు. కానీ బయటికి తీసిన ప్రతి పిన్నుకూ విడిగా ఒక ఫోల్డరు వచ్చేది. రూట్ ఆ ఒక్క పిన్ను ఫైళ్లను ఒక్క యూజరుకే రాసివ్వగలిగేది. ఈ గుణాన్ని అప్పట్లో మేమెవరం పట్టించుకోలేదు.

2015లో జీపీఐఓమెమ్ అనే ఫైలు వచ్చి సుడో బెడద తీర్చింది. జీపీఐఓ అంటే ఈ పిన్నులే; ఆ పేరున్న గ్రూపులో మన ఖాతా ఉంటే చాలు, మెమరీలో పిన్నుల భాగం మాత్రమే కనిపిస్తుంది. అయితే పిన్నులన్నీ కలిపే కనిపిస్తాయి. మా తోటలో తప్పు జరిగింది ఈ దారిలోనే.

2016లో, ఈ బోర్డును నడిపే లినక్స్ వ్యవస్థ 4.8 వెర్షన్ సిస్‌ఎఫ్‌ఎస్ పద్ధతిని పాతదిగా ప్రకటించి, చిప్పుకో డివైస్ ఫైలును తెచ్చింది. ఒక ప్రోగ్రాము పట్టుకున్న పిన్ను ఇంకో ప్రోగ్రాముకు ఇవ్వదు, అది నిజంగా మేలే. కానీ ఆ ప్రోగ్రాము ఆగిందా, పిన్ను మళ్లీ అందరిదీ. అనుమతి చిప్పు మొత్తానికే ఉంటుంది, పిన్నుకు విడిగా ఉండదు. 2023లో రాస్ప్‌బెర్రీ పై 5 వచ్చి పిన్నులు ఆర్‌పీ1 అనే వేరే చిప్పుకు మారేసరికి, పిన్నులను ఆడించే చిప్పు లోపలి రిజిస్టర్లను నేరుగా ముట్టుకునే పాత లైబ్రరీలు పనిచేయలేదు. చాలామంది ఈ కొత్త దారికి వచ్చింది అప్పుడే. సిస్‌ఎఫ్‌ఎస్ దారిలో ఉన్న పిన్నుకో తాళం మాత్రం వెంట రాలేదు.

అందుకే మధ్యలో ఒక చిన్న సర్వీసు పెట్టాను. గ్రూపులో ఇప్పుడు దాని యూజరు ఒక్కటే. బోర్డు లేవగానే పిన్నులన్నీ అదే పట్టుకుంటుంది. పిల్లవాడి ఖాతాను గ్రూపు నుంచి తీసేశాను, సుడో కూడా తీసేశాను. వాడి ప్రోగ్రాము వాల్వు పేరు చెప్పి అడుగుతుంది, సర్వీసు తెరుస్తుంది. వాడు అడగగలిగే పేర్లలో మోటారు లేదు.