సూర్యుడు రోజూ తూర్పునే ఉదయిస్తాడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం చుట్టుపక్కల పాఠశాలల్లో పిల్లలకు టెలిస్కోపుతో ఆకాశం చూపించే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. శని వలయాల గురించి అడిగేవారి కంటే, ఫోనులో వచ్చిన వార్త నిజమేనా అని అడిగేవారే ఎక్కువ. ముందు అలాంటిదొకటి చూసి, తరువాత అంతకంటే మొండి అపోహల దగ్గరకు వస్తాను.

అపోహ: ఈ ఆగస్టులో కుజుడు చంద్రుడంత పెద్దగా కనిపిస్తాడు.

వాస్తవం: 2003 ఆగస్టు 27న కుజుడు మనకు సుమారు 5.58 కోట్ల కిలోమీటర్ల దగ్గరకు వచ్చిన మాట నిజమే. అది కూడా చంద్రుని దూరానికి 145 రెట్లు. అడ్డుకొలతలో చంద్రునికి రెట్టింపు కూడా లేని గ్రహం అంత దూరం నుంచి చుక్కలాగే కనిపిస్తుంది. ఆనాటి సందేశమే ఏటా కొత్త తేదీతో తిరుగుతోంది.

అపోహ: అరసవల్లిలో స్వామి పాదాలపై కిరణాలు పడేది ఆయనాలు మారే రోజుల్లో.

వాస్తవం: దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆకాశంలో సూర్యుడు ఉత్తర, దక్షిణ దిశ మార్చుకుని ఆయనం మారేది జూన్ 21, డిసెంబరు 22 ప్రాంతాల్లో. కిరణ దర్శనం మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ జరుగుతుంది. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది విషువత్తు రోజుల్లో, అంటే మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లో మాత్రమే. కళింగపట్నం తీరంలో తూర్పుకు తిరిగి నిలబడితే, జూన్‌లో ఉదయ బిందువు ఎడమకు సుమారు 25 డిగ్రీలు, డిసెంబరులో కుడికి అంతే జరిగి ఉంటుంది. ఆమదాలవలస మీదుగా పోయే రైలు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి అదే గేటు దాటినట్లు, సూర్యుడు కూడా ఈ దారిలోని ప్రతి బిందువునూ ఏటా రెండుసార్లు దాటుతాడు. మార్చి విషువత్తుకు పదిరోజుల ముందు, సెప్టెంబరు విషువత్తుకు తొమ్మిది, పది రోజుల తరువాత ఆయన భూమధ్యరేఖకు దాదాపు 4 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు కాబట్టి, ఒకే ద్వారం గుండా రెండుసార్లూ కిరణాలు లోపలికి వస్తాయి. ఈ లెక్క చెబితే కొందరు నొచ్చుకుంటారు. నాకైతే ఆ దిశను గమనించి గర్భగుడిని నిలిపిన వారిపై గౌరవం పెరిగింది.

అపోహ: మిట్టమధ్యాహ్నం 12 గంటలకు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు.

వాస్తవం: శ్రీకాకుళంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండు రోజులే, మే 13, జూలై 30 ప్రాంతాల్లో. ఆ క్షణంలో నిటారు వస్తువుకు పక్కకు నీడ పడదు. గడియారం 12 కొట్టే వరకు ఆగినా ఆ క్షణం చేజారవచ్చు. మొదటిసారి నేను డాబా మీద స్టీలు గ్లాసు బోర్లించి సరిగ్గా 12కు చూస్తే, తూర్పువైపు అర సెంటీమీటరు నీడ అప్పటికే సాగి ఉంది. మన దేశమంతటా గడియారం నడిచేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం సమయం ప్రకారం. శ్రీకాకుళం దానికి తూర్పున దాదాపు 84 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి ఇక్కడ మధ్యాహ్నం ముందే అవుతుంది. దానికితోడు మే నెలలో సూర్యుడు గడియారం కంటే కొద్ది నిమిషాలు ముందే నడుస్తాడు. అందువల్ల గ్లాసు నీడ మాయమయ్యేది 11:51 ప్రాంతంలో.

మేలో సూర్యుడు ఉత్తరానికి జరుగుతుంటాడు కాబట్టి, దక్షిణాన ఉన్న విజయనగరంలో ఇది మనకంటే ఒక రోజు ముందు, ఉత్తరాన ఉన్న ఇచ్ఛాపురంలో మూడు నాలుగు రోజుల తరువాత జరుగుతుంది. జూలైలో సూర్యుడు వెనుదిరిగి వస్తాడు కాబట్టి ఈ వరుస తిరగబడి, ఇచ్ఛాపురం వారి గ్లాసు నీడే ముందుగా మాయమవుతుంది.